మైకు బాబాయ్ సాక్ష్యం

ఆ చర్చిలో ఎవరి చోటు వాళ్ళకుంది. వేదిక పాస్టరుగారిది. కుడివైపు ముందు బెంచీ పాటలు పాడే ఆడపిల్లలది. గుమ్మం పక్కనున్న కుర్చీలు ఆలస్యంగా వచ్చి, ముందే వచ్చినట్టు మొహం పెట్టుకునేవాళ్ళవి. వెనకాల స్తంభం చాటున ఓ ఎత్తు స్టూలు, దాని ముందు బల్లమీద పాత ఆంప్లిఫయరు, కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టలుగా వైర్లు. ఆ మూల మైకు బాబాయ్‌ది.

ఆయన అసలు పేరు అక్కడ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా వాడరు. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరికీ ఆయన మైకు బాబాయే. ఆయనకంటే వయసులో బాగా పెద్దయిన ముసలమ్మలు కూడా "ఏం బాబాయ్, ఇవాళైనా మాకు వినబడేలా పెడతావా లేదా" అని దబాయిస్తారు. ఆయన నవ్వి ఓ గుబ్బ తిప్పుతాడు. తిప్పాడో, తిప్పినట్టు నటించాడో ఎవరికీ తెలియదుగానీ ముసలమ్మలు మాత్రం "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటారు.

వారమంతా ఆయన పని బజారు చివర చిన్న దుకాణంలో. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు, ఏది పాడైనా విప్పి ముందేసుకుంటాడు. ఆదివారం తెల్లారేసరికి చర్చి తలుపు తీసేదీ ఆయనే, మధ్యాహ్నం తాళం వేసేదీ ఆయనే. ఎవరింట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నా సైకిలుకి స్పీకరు కట్టుకుని వెళ్తాడు. ఎవరైనా పోతే సమాధుల తోటకి మైకు మోసుకెళ్తాడు. ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే చూడ్డానికి వెళ్ళి, పరామర్శించడం చేతకాక, వాళ్ళింట్లో గరగరలాడే ఫ్యానుకి నూనె వేసి వస్తాడు. చర్చి అంటే ఆయన, ఆయన అంటే చర్చి అన్నట్టు ఉండేది వ్యవహారం.

కాకపోతే వాక్యం సంగతి వేరు. అందరూ వాక్యం వింటారు; బాబాయ్ వినేది శబ్దం. పాస్టరుగారు పాపం గురించి చెప్పేటప్పుడు మైకు మీదికి వచ్చేస్తారు, క్షమాపణ దగ్గరికొచ్చేసరికి వెనక్కి జరిగిపోతారు. ఆ రెంటి మధ్య గుబ్బ తిప్పుకుంటూ కూర్చునేసరికి కూటం అయిపోతుంది. ఇంటికొచ్చాక భార్య "ఇవాళ వాక్యం బాగుంది కదండీ" అంటే, "బాగా వినబడింది" అనేవాడు. ఆవిడ దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకునేది.

అలా సాగిపోతుంటే సంఘ పెద్దల్లో ఒకాయన, తాపీమేస్త్రీగా పనిచేసి మానేసినాయన, మోకాళ్ళ నొప్పులతో ఇక తిరగలేనని తప్పుకున్నాడు. ఆయన చోటు ఖాళీ అయింది. ఎవరిని పెడతారా అని కొన్నాళ్ళు గుసగుసలు నడిచాయి. ఓ ఆదివారం వాక్యం అయ్యాక పాస్టరుగారు గొంతు సవరించుకుని, "పెద్దల్లో ఖాళీ అయిన చోటుకి ప్రభువు మనకొక మనిషిని చూపించాడు. ఆ మనిషి ఎక్కడో లేడు. మన వెనకాలే ఉన్నాడు" అన్నారు.

జనం అంతా తలలు వెనక్కి తిప్పారు. బాబాయ్ కూడా తిప్పాడు. వెనకాల గోడ తప్ప ఏమీ కనబడలేదు. మళ్ళీ ముందుకు తిరిగి చూస్తే అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి.

"మన మైకు బాబాయ్" అన్నారు పాస్టరుగారు. "మనకంటే ముందొచ్చి, మనకంటే వెనక వెళ్ళే మనిషి. వచ్చే ఆదివారం ముందుకొచ్చి తన సాక్ష్యం చెబుతారు. తర్వాత ఆయన్ని పెద్దగా నిలబెట్టుకుందాం. అదే రోజు ప్రభు బల్ల కూడా ఉంది."

సంఘమంతా ఆమేన్ అంది. ఆ ఆమేన్ హాలు దద్దరిల్లేలా వచ్చింది. బాబాయ్ వేదిక మీదికి చూసి ఏదో చెప్పబోయాడు, కానీ ఆయన దగ్గర మైకు లేదు.

సాక్ష్యమంటే ఏమిటో తెలియనివాళ్ళు ఆ చర్చిలో లేరు. ప్రభువు తన్ను ఎక్కడ, ఎలా పట్టుకున్నాడో మనిషి లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం. బాబాయ్ అలాంటివి ఎన్ని విన్నాడో లెక్కలేదు. తాగి లారీ తోలి బావిలో పడబోయిన డ్రైవరు ఉన్నాడు. డాక్టర్లు చేతులెత్తేశాక లేచి కూర్చున్న ముసలావిడ ఉంది. తమ్ముడితో పడక కత్తి పట్టుకుని బయల్దేరి, దారిలో పాట వినబడి ఆగిపోయిన బేకరీ ఆయన ఉన్నాడు. వాళ్ళందరి ఎత్తుకీ మైకు సరిచేసి పెట్టింది బాబాయే. తాగి మానేసినవాళ్ళు మైకు దగ్గర గట్టిగా అరుస్తారు కాబట్టి సౌండు తగ్గించాలి, జబ్బు నయమైనవాళ్ళు గొణుగుతారు కాబట్టి పెంచాలి. ఇంతవరకూ ఆయనకు తెలుసు.

సోమవారం దుకాణంలో ఓ టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చుని, తన సాక్ష్యం ఏమిటా అని వెతుక్కున్నాడు. తాగేవాడా అంటే జన్మలో చుక్క ముట్టలేదు. పెద్ద జబ్బేమైనా చేసిందా అంటే జలుబు తప్ప ఎరగడు. ఎవరితోనైనా పగ ఉందా అంటే, పక్క దుకాణంవాడు అరువు తీసుకున్న స్క్రూడ్రైవరు తిరిగివ్వలేదు, అంతే. బోర్లాపడి లేస్తే కదా లేచానని చెప్పుకునేది. తాగుబోతు డ్రైవరు మీద ఆ పూట బాబాయ్‌కి ఎక్కడలేని అసూయ పుట్టుకొచ్చింది.

జరిగిందేమిటంటే, చాలా ఏళ్ళ కిందట ఆ చర్చిలో స్పీకరు ఈల వేస్తోందని కబురొస్తే బాగుచేయడానికి వెళ్ళాడు. అప్పుడున్న పాస్టరుగారు పెద్దాయన, ఇప్పుడు లేరు. ఈల ఆగిపోయాక ఆయన "వచ్చే ఆదివారం కూడా వచ్చి ఓ కన్నేసి ఉంచవయ్యా" అన్నారు. కన్నేసి ఉంచడానికి వెళ్ళాడు. ఆ తర్వాతి వారం ఎవరూ రమ్మనలేదు, అయినా వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఇప్పుడు ఎంత గుర్తుతెచ్చుకున్నా కొరుకుడు పడలేదు. తన్ను పిలిచింది స్పీకరే కానీ ప్రభువు కాదు. ఇది చెబితే సాక్ష్యమవుతుందా?

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆయనకు బాప్తిస్మమే కాలేదు. నీళ్ళలో మునిగి ఆ బాప్తిస్మం తీసుకోనివాడు పెద్ద కాకూడదు, ప్రభు బల్ల రోజున పంచే రొట్టె, ద్రాక్షరసం కూడా ముట్టకూడదు. వచ్చిన కొత్తలో, వేరే సంఘంలో తీసుకుని ఉంటాడులే అనుకున్నారు అందరూ. తర్వాత పెద్ద పాస్టరుగారు పోయి, ఈ పాస్టరుగారు వచ్చారు. అప్పటికే బాబాయ్ స్తంభంలా అక్కడ పాతుకుపోయి ఉన్నాడు. స్తంభాన్ని నీకు బాప్తిస్మం అయిందా అని ఎవరడుగుతారు? అడిగి ఉంటే కాలేదని చెప్పేవాడే. అడగలేదు, చెప్పలేదు.

బుధవారం పొద్దున్నే ధైర్యం కూడగట్టుకుని పాస్టరుగారింటికి వెళ్ళాడు. పాస్టరుగారు వరండాలో సైకిలు తిరగేసి, ఊడిన గొలుసు ఎక్కించడానికి తంటాలు పడుతున్నారు. మనిషి వయసులో బాబాయ్ కంటే చిన్నవాడు. చేతులు మోచేతుల దాకా నల్లటి జిడ్డు.

"రండి బాబాయ్. సాక్ష్యం సిద్ధం చేసుకున్నారా?"

"దాని గురించే వచ్చానండి. అయ్యగారూ, ఆ పెద్దరికం నాకు వద్దండి. నేను దానికి తగను."

పాస్టరుగారి మొహం వెలిగిపోయింది. "చూశారా, ఈ మాట అనేవాళ్ళే కావాలి బాబాయ్. నేను తగుదును అని వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళని ఎలా తప్పించుకోవాలా అని ప్రార్థన చేశాను."

"అది కాదండి. నిజంగానే తగను."

"దేవుడు పిలిస్తే మోషే కూడా అదే అన్నాడు."

మోషే ఎందుకన్నాడో బాబాయ్‌కి గుర్తులేదు. అది చెప్పిన రోజు స్పీకరు ఏదో గొడవ పెట్టినట్టుంది. ఇక లాభం లేదని, "నాకు బాప్తిస్మం కాలేదండి" అనేశాడు.

పాస్టరుగారు ముందు నవ్వారు. బాబాయ్ నవ్వకపోయేసరికి ఆపేశారు. నుదురు రుద్దుకున్నారు, నుదుటిమీద జిడ్డు ఓ చార పడింది. "మరి ప్రభు బల్ల? రొట్టె, పాత్ర... తీసుకుంటున్నారు కదా?"

"లేదండి. నా మూలకి పళ్ళెం రాలేదు."

"ఇన్నేళ్ళూనా?"

"నేనూ అడగలేదండి. అప్పుడే మైకు వైర్లు చుట్టుకునే టైము."

పాస్టరుగారు మెట్టుమీద చతికిలబడ్డారు. బాబాయ్‌కి ఆయన్ని చూస్తే జాలేసింది. సంఘమంతటి ముందూ పేరు చెప్పి, ఆమేన్ అనిపించుకున్నాక, ఇప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. పాస్టరుగారు గొంతు తగ్గించి అన్నారు.

"ఒక పని చేద్దాం. శనివారం సాయంత్రం రండి. మీరూ నేనూ, మా ఆవిడ, అంతే. బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు నింపిస్తాను. ఎవరికీ తెలియనక్కర్లేదు. ఆదివారానికి అంతా సర్దుకుంటుంది."

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువుగా తెగిపోతుందని అనుకోలేదు. లేచి వెళ్ళబోతుంటే పాస్టరుగారు, మామూలుగా, వెళ్ళేవాణ్ణి గొడుగు తెచ్చుకున్నారా అని అడిగినట్టు అడిగారు: "నమ్ముతున్నారు కదా బాబాయ్? నీళ్ళలో దించే ముందు అది అడగాలి, అందుకని."

బాబాయ్ నోరు తెరిచాడు. అవును అనడానికి ఏమంత కష్టం? ఒక్క మాట. బాప్తిస్మాల రోజున తొట్టి పక్కన నిలబడి, పాస్టరుగారి మూతికి మైకు అందించి, ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నాడు. అందరూ టక్కున అవునంటారు.

"తెలీదండి" అన్నాడు.

"తెలియకపోవడం ఏంటి బాబాయ్?"

"ఎప్పుడూ చూసుకోలేదండి."

పాస్టరుగారు మళ్ళీ సైకిలు దగ్గర కూర్చుని, "శనివారం లోపు చూసుకోండి మరి" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, దిక్కుతోచనితనం ఉంది. ఇద్దరూ కలిసి గొలుసు ఎక్కించారు. బాబాయ్ చేతులు కడుక్కోకుండానే ఇంటికి బయల్దేరాడు.

ఇంట్లో ఆయన భార్య మిషను దగ్గరుంది. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టేచోట పనిచేస్తుంది. ఆ వారం మాత్రం సెలవు పెట్టి మొగుడికి తెల్లచొక్కా కుడుతోంది. ఆదివారం నుంచీ ఆవిడ నేలమీద లేదు. ఇరుగుపొరుగు కనబడితే చాలు, "మా ఆయన్ని పెద్దగా పెడుతున్నారు" అని చెప్పుకుంటోంది. జిడ్డు చేతులతో గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి, "ఆ చేతులతో చొక్కా ముట్టుకోకండి" అంది ముందుగా.

బాబాయ్ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చుట్టూ తిప్పి చెప్పడం ఆయనకు రాదు. "నాకు బాప్తిస్మం కాలేదని పాస్టరుగారికి చెప్పేశాను" అన్నాడు.

మిషను ఆగింది. "ఎవరికి కాలేదని?"

"నాకే."

"వేళాకోళమా?"

"కాదే. నిజంగా కాలేదు."

"ఏం మాట్లాడుతున్నారండీ మీరు? ఆ రోజు తలనుంచి కాళ్ళదాకా తడిసి ఇంటికి రాలేదా? నేను తువ్వాలు అందించలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది బాబాయ్‌కి. ఆ చర్చిలో బాప్తిస్మపు తొట్టి వేదిక కిందే ఉంటుంది. చెక్కలు తీస్తే నీళ్ళు. పెద్ద పాస్టరుగారి రోజుల్లో ఓసారి కూటం మొదలవకముందు బాబాయ్ మైకు స్టాండు జరుపుతూ వెనక్కి వెనక్కి నడిచి, చెక్కలు తీసేసి ఉన్నాయన్న సంగతి మరిచిపోయి, దభీమని తొట్టిలో పడ్డాడు. అప్పటికింకా స్విచ్చి వేయలేదు కాబట్టి బతికిపోయాడు. పైకి లేచేసరికి చుట్టూ జనం. పెద్ద పాస్టరుగారు చెయ్యిచ్చి లాగారు. నలుగురూ నవ్వారు. ఆ అవమానానికి ఇంటికొచ్చాక నోరు విప్పలేదు. చొక్కా తీసి ఆరేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అది పడ్డానే" అన్నాడు. "కాలు జారి పడ్డాను. సిగ్గేసి నీకు చెప్పలేదు."

ఆవిడ చేతిలోని కాలరు ముక్క మిషను మీద పెట్టింది.

"మా అమ్మ చనిపోయిన ఏడాదది" అంది. "నాకు దేనిమీదా నమ్మకం లేని రోజులు. మీరేమో అమ్మ చనిపోయిన వారం కూడా చర్చికి వెళ్ళడం మానలేదు. ఈ మనిషిని అక్కడ ఏం పట్టుకుందో అనుకునేదాన్ని. అంతలో మీరు తడిసి వచ్చారు. అడిగితే మాట్లాడలేదు. గోడకేసి తిరిగి పడుకున్నారు. ఏదో పెద్దది జరిగింది, మాటల్లో చెప్పుకోలేనిది, అందుకే మాట్లాడట్లేదు అనుకున్నాను. ఆ రాత్రంతా మీ వీపు చూస్తూ కూర్చున్నాను. తర్వాతి వారం నేనూ వచ్చాను. మీకు గుర్తుందా?"

"గుర్తుంది."

"మీరు దిగారనే కదండీ నేను ఆ నీళ్ళలోకి దిగింది."

ఆవిడ బాప్తిస్మం రోజు తొట్టి పక్కన మైకు పట్టుకుని నిలబడింది బాబాయే. తన భార్య తనంతట తాను నమ్మింది, ఆవిడకేదో కనబడింది, తనకు కనబడలేదు, అది ఆవిడ అదృష్టం అనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఆవిడ చూసింది తన తడిచొక్కానా?

"నిన్నెవరు దిగమన్నారు నన్ను చూసి" అని విసుక్కున్నాడు. అన్నాక తనకే అసహ్యమేసింది.

"మొగుణ్ణి చూడక ఎవర్ని చూస్తారు?" అంది ఆవిడ, ఏడవకుండా. "సరే, పడ్డారు. మరి అమ్మ చనిపోయిన వారం ఎందుకెళ్ళారు? అది కూడా కాలు జారేనా?"

ఆ వారం స్పీకరుకి ఏ రోగమూ లేదు. ఇంట్లో అత్తగారి మంచం ఖాళీగా ఉంటే బాబాయ్ చూడలేకపోయాడు, వెళ్ళి స్టూలుమీద కూర్చున్నాడు. ఊపిరాడింది. దాన్ని ఏమనాలో అప్పుడూ తెలియలేదు.

ఆ నాలుగు రోజులూ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు అవసరానికి మించి సాగలేదు. ఆవిడ చొక్కా మాత్రం పూర్తిచేసింది. శనివారం సాయంత్రం బాబాయ్ చర్చి దాకా వెళ్ళాడు. తొట్టి నిండా నీళ్ళున్నాయి. పాస్టరుగారు ప్యాంటు పైకి మడిచి, సిద్ధంగా నిలబడి ఉన్నారు. "చూసుకున్నారా?" అని అడిగారు.

"చూసుకున్నానండి. ఇంకా తెలియట్లేదు. నాకు తెలియకుండా, ఎవరికీ తెలియకుండా దిగితే, ఇది కూడా పడ్డట్టే అవుతుందండి."

"రేపు నన్నేం చెప్పమంటారు మరి?"

"నేనే చెప్తానండి."

పాస్టరుగారు బతిమాలారు. తర్వాత కోప్పడ్డారు. పెద్దరికం పోతుంది, అందరిలో నవ్వులపాలవుతారు, మళ్ళీ ఈ చర్చిలో తలెత్తుకోగలరా అన్నారు. బాబాయ్ భయం కూడా అదే. ఆ మూల స్టూలు పోతే తనకిక ఎక్కడా చోటు లేదు. ఆ సంగతి పాస్టరుగారికి చెప్పలేక తల వంచుకుని వచ్చేశాడు.

ఆదివారం కొత్త చొక్కాతో, చెమటలు కక్కుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు. అందరికీ ఎత్తు సరిచేసేవాడు తన ఎత్తు సరిచేసుకోవడం మరిచిపోయి, వంగి మాట్లాడాడు.

"నాకు సాక్ష్యం లేదండి. స్పీకరు బాగుచేయడానికి వచ్చాను, ఉండిపోయాను. నాకు బాప్తిస్మం కూడా కాలేదు. అందుకని పెద్దగా ఉండకూడదు. ఇంతేనండి."

మధ్య వరసలోంచి రిటైరైన పోస్ట్‌మాన్ లేచాడు. ప్రభు బల్ల రోజున కుడివైపు వరసలకి రొట్టె పళ్ళెం తీసుకెళ్ళేది ఆయనే. "అదేం మాట బాబాయ్? నేను కళ్ళారా చూశాను నువ్వు నీళ్ళలోంచి లేవడం. పెద్ద పాస్టరుగారు చెయ్యిచ్చి లేపారు."

"కాలు జారి పడ్డానండి."

"లేపినప్పుడు ఆయన ఏదో అన్నారు కదా?"

"చూసుకుని నడవవయ్యా అన్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడినుంచి హాలు రెండుగా చీలిపోయింది. పూర్తిగా మునిగాడు కాబట్టి అయినట్టే అని కొందరు, పడటం వేరు దిగటం వేరు అని కొందరు. పోస్ట్‌మాన్ ఉన్నట్టుండి ఎడమవైపు వరసలు చూసే బేకరీ ఆయన వంక తిరిగాడు. "ఆ స్తంభం మూల నువ్విస్తున్నావు కదా పళ్ళెం?"

"నేనా? స్తంభం నీ వైపుది."

"నీ వైపుదనుకున్నాను నేను."

ఇన్నేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి తెల్లమొహం వేసుకుని కూర్చుండిపోయాడు. గొడవ ఎటూ తేలేలా లేదు. ముందు వరసలో ముసలమ్మ ఒకావిడ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "అవన్నీ తర్వాత. ఇన్నాళ్ళూ ఎందుకొచ్చావయ్యా మరి? స్పీకరు ఎప్పుడో బాగైందిగా?"

"తెలీదమ్మా" అన్నాడు బాబాయ్. "రాకపోతే ఆ రోజంతా, ఇంట్లో పొయ్యి ఆపడం మరిచిపోయి వచ్చినట్టుంటుంది. అంతకంటే నాకు చెప్పడం రాదు."

ముసలమ్మ ఏమనుకుందో, చెయ్యి దించేసింది. పాస్టరుగారు లేచి, పెద్దరికం సంగతి తర్వాత చూద్దామనీ, ముందు ప్రభు బల్లకి సిద్ధపడదామనీ అన్నారు. "కూర్చోండి బాబాయ్" అన్నారు మెల్లగా.

ఎక్కడ కూర్చోవాలో బాబాయ్‌కి అర్థం కాలేదు. స్టూలు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఇంత చెప్పాక దానిమీద కూర్చోవచ్చో లేదో. నడిమధ్యన అలా నిలబడిపోతే, భార్య బెంచీమీద కొంచెం జరిగింది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ చర్చిలో ఆయన బెంచీమీద కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడినుంచి పాస్టరుగారి మొహం స్పష్టంగా కనబడింది, మాటలు మాత్రం సరిగా వినబడలేదు.

పళ్ళెం పట్టుకుని పోస్ట్‌మాన్ వరస వెంట వచ్చాడు. బాబాయ్ దగ్గరికొచ్చేసరికి, ఇన్నేళ్ళ లోటు తీర్చేయాలన్నట్టు పళ్ళెం ముందుకు చాచాడు. అంతలో బాప్తిస్మం లేనివాడికి ఇవ్వకూడదని గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాడు. అక్కడినుంచి పళ్ళెం బాబాయ్ భార్య ముందుకొచ్చింది. ఆవిడ ముక్క అందుకోవడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించేసుకుని, వద్దన్నట్టు తలూపింది.

"తీసుకోవే" అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి. "నీకయింది కదా."

"మీరు తీసుకున్న రోజున తీసుకుంటాను."

"నేనెప్పుడు తీసుకుంటానో నాకే తెలీదు."

"నాకు మాత్రం అప్పుడేం తెలిసి దిగాను?" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. "ఇద్దరం ఒకేసారి తెలుసుకుందాం లెండి."

పోస్ట్‌మాన్ ముందుకు కదిలాడు. పళ్ళెం పక్కవాళ్ళ దగ్గరికి, అక్కడినుంచి వెనక వరసకి వెళ్ళిపోయింది. బాబాయ్ మెడ తిప్పి దాని వెంటే చూశాడు. ఎన్నేళ్ళుగానో అది తన్ను దాటి వెళ్తూనే ఉంది, ఒక్కరోజూ పట్టించుకోలేదు. ఇవాళ మాత్రం అది కావాలనిపించింది. కావాలనిపించినందుకే ఏడుపు తన్నుకొచ్చింది, కొత్త చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. దీన్నే నమ్మడం అంటారా అని భార్యని అడగాలనుకున్నాడు. ఆవిడ అప్పటికే తల వంచి ప్రార్థన చేసుకుంటోంది. ఆయన కూడా తల వంచాడు, ఏమని మొదలుపెట్టాలో తెలియక.